తలుపు తెరుచుకోగానే అటు తిరిగే మనిషి

మా మావయ్య తాళాలు బాగుచేసేవాడు. మా అమ్మకు తమ్ముడు. తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయినప్పటి నుంచి నేను ఆయన కొట్లోనే ఉంటున్నాను. కొట్టంటే పెద్దదేమీ కాదు. ఒక పక్క ఫొటో కాపీల కొట్టు, ఇంకో పక్క చెప్పులు కుట్టే ఆయన, మధ్యలో ఇద్దరు కూర్చుంటే మోచేతులు తగిలేంత చోటు. గోడ నిండా మేకులు, మేకులకు గుత్తులు గుత్తులుగా ఇంకా గాట్లు పెట్టని తాళం చెవులు. గాలి వీస్తే అన్నీ సన్నగా గలగలమనేవి. మావయ్య ఆకురాయి పట్టుకుంటే మాత్రం ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

ఇళ్ళకు వెళ్ళి తాళం తీయాల్సి వస్తే నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. సంచీ మోయడానికి. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మోకాళ్ళ మీద కూర్చుని, చెవి తలుపుకు ఆనించి, సన్నటి ఊచతో లోపల తడుముతాడు. లోపల ఎక్కడో చిన్న టిక్కుమన్న శబ్దం వస్తుంది. అది వినగానే లేచి, తలుపు నెట్టకుండా, వీపు ఇంటివైపు పెట్టి వీధిలోకి తిరిగిపోతాడు. ఇంటివాళ్ళే తలుపు తోసుకోవాలి. వాళ్ళు లోపలికి వెళ్ళి, అన్నీ సరిచూసుకుని, "అయిందండీ" అనేదాకా ఇటు తిరగడు. కొత్త తాళం బిగించినా అంతే. పని గుమ్మం బయట, చూపు వీధిలో.

వీధిలో ఆయనకు 'వీపాయన' అని పేరు పడిపోయింది.

"మీ మావయ్య మొహం ఎలా ఉంటుందో మా ఆవిడకి తెలీదమ్మా," అనేవాడు ఫొటో కాపీల ఆయన. "వీపు చూపించు, ఇట్టే గుర్తుపడుతుంది."

మావయ్య నవ్వేవాడు. నాతో మాత్రం నిజంగానే చెప్పాడొకసారి. "అమ్మాయ్, ఈ పనికి ఇనుం కన్నా ముందు నమ్మకం కావాలి. తాళం తీయడం దొంగకీ వచ్చు. తీశాక ఎటు చూస్తామన్నదే మనకీ వాడికీ తేడా."

ఎవరితోనూ గొడవ పడే మనిషి కాదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆకురాయి తీసుకుని పనిలో పడిపోయేవాడు. అత్తయ్య మాత్రం ఊరుకునేది కాదు. "ఏమండీ, నోట్లో నాలుక ఉందా, దానికీ తాళం వేశారా?" అని అడిగేది. ఆ నాలుక ఫోన్‌లో ఉందని అప్పటికి మాకెవరికీ తెలియదు.

కొంతకాలంగా మావయ్య తాళం చెవిని ముక్కు దాకా తెచ్చుకుని చూడడం నేను గమనిస్తూనే ఉన్నాను. కళ్ళద్దాలు మార్చుకోమంటే, "నా వేళ్ళకి కళ్ళున్నాయిలే," అనేవాడు. ఆ రోజుల్లోనే ట్యూషన్ టీచరుగారి తలుపుకు కొత్త తాళం బిగించి, దానికి ఇంకో చెవి చేశాడు. ఆ రోజు నేను వెంట లేను. మా వీధి చివర మేడ మీద ఆవిడా, ఆవిడ చిన్న కూతురూ ఉంటారు. మగవాళ్ళెవరూ లేరు. చెవికి ఒక గాటు కాస్త లోతుగా పడింది. నాలుగు రోజులు బాగానే తిరిగి, ఒక వానరోజు సాయంత్రం సగానికి విరిగిపోయింది. బడి నుంచి వచ్చిన పిల్ల, తల్లి వచ్చేదాకా మెట్ల మీద తడుస్తూ నిలబడిందట. తర్వాత జ్వరం వచ్చిందట.

టీచరుగారు ఆ విరిగిన చెవిని ఫొటో తీసి వీధివాళ్ళందరూ ఉండే వాట్సాప్ గుంపులో పెట్టింది. 'తాళాలాయన చేతి పని ఇది. పిల్లలున్నవాళ్ళు వేరే వాళ్ళని పిలుచుకోవడం మంచిది,' అని రాసింది. కింద ఎవరెవరో నవ్వే బొమ్మలు పెట్టారు. 'వీపాయనకి వీపున కళ్ళుంటే సరిపోయేది' అని ఒకరు రాశారు.

మావయ్య ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. గాటు ఎక్కడ తప్పిందో ఆయనకు కనపడే ఉంటుంది. ఇంకొకరి పనైతే, "తప్పు చేతిదే," అని ఒక్క మాటలో తేల్చేసేవాడు. అప్పుడు మాత్రం అన్నం సగంలో లేచాడు. తర్వాతి రెండు మూడు రోజులు పని మధ్యలో కొట్టు వెనక్కి వెళ్ళి, నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి ఒక్క వేలితో ఫోన్‌లో ఏదో పొడుస్తూ ఉండేవాడు. తిరిగొచ్చేసరికి మొహం ఎర్రగా ఉండేది. కానీ నిమ్మళంగా ఉండేది.

ఒక రోజు పొద్దున్నే పోలీసులు వచ్చారు. ఒక అధికారిణి, ఒక కానిస్టేబులు. కొట్టు ముందు పెట్టె తాళం చేయించుకోవడానికి వచ్చిన ముసలాయన నిలబడి ఉన్నాడు. అధికారిణి గొంతు పెంచలేదు. "మీరేనా తాళాలాయన? ఫోను ఇవ్వండి. మాతో స్టేషన్‌కి రావాలి," అంది. ముసలాయన పెట్టె చంకలో పెట్టుకుని ఒక్కో అడుగు వెనక్కి వేశాడు.

స్టేషన్‌లో నేనూ అత్తయ్యా బెంచీ మీద కూర్చున్నాం. అధికారిణి ఒక కాగితం తీసి, "ఇవి మీరు పంపినవేనా, వినండి," అని చదివింది.

'నా పని గురించి నలుగురిలో రాస్తావా. నీ తలుపు నాకొక లెక్కా. నేను తలుచుకుంటే ఊపిరి పీల్చినంత సేపు.'

'కొత్త తాళం వేసుకున్నావట. ఎన్ని వేసుకున్నా అంతే. నువ్వు ఇంట్లో లేనప్పుడు వస్తానో, ఉన్నప్పుడు వస్తానో చూసుకో.'

'కిటికీ పక్కన నీ కూతురి బల్ల. నీలం కుర్చీ. అన్నీ నాకు తెలుసు.'

అవి ఇంకొకరి గొంతులో వింటుంటే, ఎవరో కొత్త మనిషి వచ్చి మా మధ్య కూర్చున్నట్టు అనిపించింది. అత్తయ్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య నేలకేసి చూస్తున్నాడు.

"ఊరికే అన్నానమ్మా," అన్నాడు. "కోపంలో. నేను వెళ్తానా, పెడతానా?"

"అనలేదు. రాసి పంపారు."

"వెంటనే చెరిపేశానండీ. అందరికీ పోయేలా చెరిపేశాను."

"పలక మీద రాసిందనుకున్నారా చెరిపేస్తే పోవడానికి? మీరు చెరిపేలోపే ఆవిడ చదివింది. స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకుంది." అధికారిణి కాగితం కింద పెట్టింది. "ఆ ఇంట్లో ఇద్దరూ తలుపుకి బీరువా అడ్డం పెట్టుకుని పడుకుంటున్నారు. తెలుసా మీకు?"



ఫోనుతో పాటు పనిముట్ల సంచీ కూడా తీసుకున్నారు. ఇచ్చే ముందు మావయ్య ఊచలన్నీ గుడ్డలో వరసగా పేర్చి, చుట్టి, ఎప్పుడూ వేసే ముడి వేసి ఇచ్చాడు. కానిస్టేబులు అది విప్పి బల్ల మీద కుమ్మరించాడు.

మా లాయరుగారు పెద్ద వయసు మనిషి. పెన్ను మూత నములుతూ మాట్లాడతాడు. అత్తయ్య ఆయనతో పోట్లాడినంత పని చేసింది. "ముట్టుకోలేదు, కొట్టలేదు, గడప తొక్కలేదు. ఫోన్‌లో నాలుగు ముక్కలు రాస్తే ఇంత కేసా?"

"అమ్మా, చట్టం అడిగేది ఆయన నిజంగా వెళ్ళాడా అని కాదు. అవతలి మనిషిని భయపెట్టాలని రాశాడా, అదీ ప్రశ్న. ఫోన్‌లో రాసినా, కాగితం మీద రాసినా, మొహం మీద అన్నా బెదిరింపు బెదిరింపే. ఫోన్‌లో అయితే సాక్షి కూడా అక్కర్లేదు, అదే సాక్షి." పెన్ను మూత తీసి మావయ్య వైపు చూపించాడు. "ఇంకెవరైనా 'నీ తాళం తీస్తా' అంటే ఉత్త కూత. నువ్వంటే అలా కాదయ్యా. నీకు వచ్చు కదా."

మావయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇంతకాలం ఆ చేతులకు ఆ మాట పొగడ్త.

జామీను మీద బయటికి వచ్చాడు. పూచీ సంతకం పెట్టింది ఫొటో కాపీల ఆయన. "నీ వీపుని నమ్మి పెడుతున్నానురా," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. లాయరుగారు గుమ్మం దాకా వచ్చి, "కేసు తేలేదాకా ఆవిడ జోలికి వెళ్ళొద్దు. కోర్టువారి షరతు," అని గట్టిగా చెప్పాడు.

కొట్టుకు మనుషులు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు తాళం చేతికి ఇవ్వకుండా, ఇటు తిప్పి అటు తిప్పి, "సరే, మళ్ళీ వస్తాం," అని వెళ్ళిపోయేవారు. మా వీధిలోనే మూడిళ్ళకు వేరే మనిషి వచ్చి తాళాలు మార్చాడు. మావయ్య కొట్లో కూర్చుని ఆ సుత్తి చప్పుడు వినేవాడు. "బరువుగా కొడుతున్నాడు," అనేవాడు మెల్లగా. "చెక్క చిట్లుతుంది."

అత్తయ్యకు ఒకటే ఆలోచన. "ఆడమనిషి. మీరు వెళ్ళి గుమ్మంలో నిలబడి చేతులు జోడిస్తే కరగదూ? కేసు తనే వెనక్కి తీసుకుంటుంది."

"జోలికి వెళ్ళొద్దన్నాడుగా లాయరు."

"జోలికి వెళ్ళడమంటే తగవుకి వెళ్ళడం. క్షమించమని అడగడానికి కూడా కోర్టు పర్మిషన్ కావాలా? ఇదెక్కడి విడ్డూరం!" నావైపు తిరిగింది. "నువ్వు కూడా వెళ్ళవే. ఆడపిల్ల పక్కన ఉంటే భయపడరు."

మావయ్యకు కూడా అది సబబుగానే తోచింది. మా ఇంట్లో ఎవరు తప్పు చేసినా వెళ్ళి అడగడమే తెలుసు. అందులోనూ ఇంకో తప్పు ఉంటుందని మాకు తట్టలేదు.

మధ్యాహ్నం వెళ్ళాం. మెట్లెక్కుతుంటే కిటికీలోంచి పిల్ల పాఠం చదువుతున్న గొంతు వినిపించింది. నేను తలుపు కొట్టాను. ఆ గొంతు ఆగిపోయింది. "ఎవరు?" అంది టీచరుగారు. నేను నా పేరు చెప్పాను, మావయ్య పేరు చెప్పలేదు. లోపల గొలుసు జారింది. కొత్త గడియ, దాని కింద ఇంకో గడియ. చివర తాళం టిక్కుమంది.

ఆ చప్పుడు వినగానే మావయ్య వీధి వైపు తిరిగిపోయాడు.

కావాలని చేయలేదు. ఆయన ఒళ్ళు అలా అలవాటు పడిపోయింది. చేతులు జోడించుకుని వచ్చిన మనిషి, ఆ జోడించిన చేతులతోనే ఎదురుగా ఉన్న గోడకు దణ్ణం పెడుతున్నట్టు నిలబడిపోయాడు. టీచరుగారికి ఆయన వీపే కనిపించింది.

"ఇదేంటి? ఇప్పుడెందుకు అటు తిరగడం?" అంది. తలుపు సందు మాత్రమే తీసి, ఒక చెయ్యి గడియ మీదే ఉంచింది. "ఆ వీపుని చూసే కదా నా ఇంటి తాళం మీ చేతికిచ్చాను."

మావయ్య ఇటు తిరిగాడు. "అమ్మా, టీచరుగారూ... తప్పయిపోయిందమ్మా."

"మీరుగా లోపలికి చూడలేదని నాకు తెలుసు," అంది ఆవిడ. "అదే నా బాధ. దొంగచాటుగా చూసుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. తాళం బిగించిన రోజు నా కూతురే మిమ్మల్ని పిలిచిందట కదా. 'తాళాల తాతా, నా కొత్త బల్ల చూడు, నీలం కుర్చీ చూడు' అని. మీరు చూడనంటే చెయ్యి పట్టుకుని తిప్పిందట. నాతో చెప్పి ఏడ్చింది. 'నేను చూపించకపోతే తాత అలా రాసేవాడు కాదు కదమ్మా' అంటోంది. తప్పు తనదట. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చోదు. నేల మీద కూర్చుని రాసుకుంటుంది."

ఆ సందులోంచి నాకు కొంచెం కనిపించింది. గచ్చు మీద పుస్తకం, దాని మీద పెన్సిలు పట్టుకున్న చిన్న చెయ్యి. చెయ్యి కదలడం లేదు. నేను చూపు తిప్పుకున్నాను.

మావయ్య జోడించిన చేతులు కిందికి దించాడు.

"మీరిక్కడికి రాకూడదు," అంది టీచరుగారు. "కోర్టు చెప్పింది. మీరు దండం పెట్టడానికి వచ్చారో, ఇంకెందుకు వచ్చారో తలుపు తీసేదాకా నాకెలా తెలుస్తుంది? కోర్టులో అడిగితే నేను ఉన్నదే చెబుతాను. వెళ్ళండి."

గడియలు ఒక్కొక్కటిగా పడ్డాయి. మెట్లు దిగేటప్పుడు మావయ్య గోడ పట్టుకుని దిగాడు.

లాయరుగారు విషయం విని పెన్ను మూత బల్ల మీదికి విసిరాడు. "జామీను రద్దు చేయమంటే ఏం చెప్పను? నీకోసం సంతకం పెట్టినవాడి గతేంటి?" కాసేపటికి చల్లబడి ముందుకు వంగాడు. "ఒక మేలు మాత్రం జరిగింది. ఆ పిల్ల తనే పిలిచి చూపించిందన్నది ఆవిడే ఒప్పుకుంది. అది కోర్టులో పెడదాం. నువ్వు దొంగచూపులు చూసే మనిషివి కాదని తేలుతుంది. నీ పేరూ నిలబడుతుంది, శిక్షా తగ్గుతుంది."

"వద్దండీ," అన్నాడు మావయ్య.

"వద్దంటే?"

"ఆ పిల్ల మాట అక్కడ ఎత్తొద్దు."

"మరి బల్ల సంగతి నీకెలా తెలిసిందని అడిగితే?"

"చూశానని చెప్పండి. అబద్ధం కాదు కదా. చూశాను."

"ఏమండీ!" అంది అత్తయ్య. "అలా చెబితే ఇక జన్మలో ఎవరైనా మీకు తలుపు అప్పగిస్తారా? మన కొట్టు ఏం కావాలి?"

"ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తిప్పింది," అన్నాడు మావయ్య. "చూపించినందుకు నేను దానికి ఇచ్చింది ఆ భయం. ఇప్పుడు నన్ను కాపాడమని మళ్ళీ దాన్నే కోర్టుకి లాగమంటావా?" అంత పొడుగు మాట ఆయన అత్తయ్యతో ఎప్పుడూ మాట్లాడి ఎరగడు.

కోర్టు హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు పట్టాయి. మా వీధివాళ్ళు కొందరు వచ్చారు. టీచరుగారు తనకు జరిగింది చెప్పింది. తర్వాత ఎప్పుడైనా కలిశాడా అని అడిగితే, "ఒకసారి ఇంటికొచ్చారు. క్షమించమన్నారు. వెళ్ళమంటే వెళ్ళిపోయారు," అంది. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ఒక్క మాట దాచలేదు. కూతురి సంగతి తనంతట తాను ఎత్తలేదు.

జడ్జిగారు మావయ్యను అడిగారు. "ఇవి మీరే పంపారా?"

"పంపానండీ."

"ఆ గదిలో బల్ల, కుర్చీ ఉన్నట్టు మీకెలా తెలుసు?"

మా వెనక బెంచీల్లో కదలిక ఆగిపోయింది. మావయ్య బోను చెక్క పట్టుకున్నాడు. "తాళం బిగించిన రోజు చూశానండీ," అన్నాడు.

"చూశాడట!" అని ఎవరో గుసగుసలాడారు. "ఇన్నేళ్ళూ అటు తిరిగి నిలబడిందంతా నాటకమేనన్నమాట." నేను వెనక్కి తిరిగి చూడలేదు. టీచరుగారు మాత్రం తలెత్తి మావయ్యను చూసింది. ఆవిడ పెదవులు కొంచెం విడివడ్డాయి. మళ్ళీ మూసుకున్నాయి.

జడ్జిగారు నెమ్మదిగా చెప్పారు. తలుపు ముట్టుకోకపోయినా ఆ ఇంట్లో భయం పెట్టాడని, చేతిలో ఉన్న విద్యను బెదిరింపుగా వాడాడని, షరతు తెలిసీ ఇంటికి వెళ్ళడం ఇంకో తప్పని. నేరం ఒప్పుకున్నందుకు, వెనక ఏ మచ్చా లేనందుకు జైలుకు పంపడం లేదన్నారు. జరిమానా వేశారు. ఏడాది పాటు సత్ప్రవర్తనతో ఉంటానని పూచీ రాసివ్వాలని, ఆవిడకు ఏ దారిలోనూ, ఎవరి ద్వారానూ, ఏ కారణానికీ కబురు పంపకూడదని, తప్పితే జైలేనని అన్నారు. 'ఏ కారణానికీ' అన్నది రెండుసార్లు చెప్పారు. అత్తయ్య తల దించుకుంది.

పనిముట్ల సంచీ తిరిగి ఇచ్చేశారు. పని మానేయమని ఏ కోర్టూ అనలేదు. మావయ్యే ఇళ్ళ తలుపుల జోలికి వెళ్ళడం మానేశాడు. పెట్టె తాళాలు, సైకిలు తాళాలు తెచ్చినవాళ్ళవి చేస్తాడు. కళ్ళద్దాలు మార్చుకున్నాడు. ఫోను లేదు, కొనుక్కోలేదు. కోపం వచ్చినప్పుడు ఇప్పుడు కొట్టు వెనక్కి వెళ్ళడు. ఆకురాయి కింద పెట్టి, "నాకు కోపంగా ఉంది," అని పైకి అంటాడు. మొదట్లో అది వింటే నాకు సిగ్గేసేది. ఇప్పుడు అలవాటైంది.

ఇళ్ళ పిలుపులు వస్తే నేనే వెళ్తున్నాను. అవి కూడా అరుదు. మొన్న నాలుగు వీధుల అవతల ఒకావిడ తాళం చెవి లోపల పెట్టి తలుపు లాగేసుకుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆనించి, ఊచ తిప్పాను. టిక్కుమంది. లేచి, ఆయన నేర్పినట్టే వీధి వైపు తిరిగాను.

"ఇదిగో అమ్మాయ్," అంది ఆవిడ. "నువ్వు అటు తిరక్కు. ఇటే తిరిగి నిలబడు. నీ చేతులు నాకు కనపడాలి."

ఇటు తిరిగాను. తలుపు తోసి, నన్నే చూస్తూ, ఆవిడ వెనక్కి వెనక్కి లోపలికి నడిచింది. ఎటు చూడాలో తెలియక నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

కొట్టుకు తిరిగొచ్చి సంచీ దించాను. మావయ్య సైకిలు తాళంలో నూనె చుక్క వేస్తున్నాడు. తలెత్తకుండానే, "తెరుచుకుందా?" అన్నాడు.

"ఆఁ."

"తిరిగి నిలబడ్డావా?"

"నిలబడ్డాను మావయ్యా," అన్నాను.

ఎటు అని ఆయన అడగలేదు. గోడ మీద చెవులు గలగలమన్నాయి. కాసేపటికి నూనె గుడ్డతో చేతులు తుడుచుకుని, సంచీ విప్పి, నేను హడావుడిగా కుక్కేసిన ఊచలన్నీ బయటికి తీసి, వరసగా పేర్చి, మళ్ళీ చుట్టి, ముడి వేశాడు.